0.1 చొప్పున పెంచుతున్న లూప్ 1.0 దగ్గర ఆగడం లేదు

మధురవాడ_కోడర్
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పూర్ణా మార్కెట్‌లో మా బాబాయికి ఎండుచేపల దుకాణం ఉంది. కాటా పక్కన అంటించుకోడానికి ఒక రేటు పట్టీ కావాలన్నారు. 100 గ్రాములకి ఎంత, 200కి ఎంత, అలా కిలో దాకా. నెత్తళ్లకి ఒకటి, ఎండురొయ్యలకి ఒకటి. పైథాన్‌లో ఇలా రాశాను:

బరువు = 0.0
వైల్ బరువు != 1.0:
    బరువు += 0.1
    ప్రింట్(బరువు, బరువు * ధర)

!= అంటే 'సమానం కానంతవరకు' అని, కాబట్టి బరువు 1.0 కాగానే, పది వరసలు వచ్చి ఆగాలి కదా. ఆగలేదు. బిల్లు ప్రింటర్‌కి కలిపి ఉండటంతో కాగితం చుట్ట సగం బయటికి వచ్చాక ప్లగ్ తీసేశాం. ధర వదిలేసి బరువులు మాత్రం ఇక్కడ పెడుతున్నాను:

0.1
0.2
0.30000000000000004
0.4
0.5
0.6
0.7
0.7999999999999999
0.8999999999999999
0.9999999999999999
1.0999999999999999

ఆ తర్వాత 1.2, 1.3 అంటూ పోతూనే ఉంది. ఇంకో వింత ఏమిటంటే, 0.1 బదులు 0.25 పెడితే నాలుగు వరసలు వచ్చి చక్కగా 1.0 దగ్గర ఆగిపోతోంది. 0.25కి పని చేసేది 0.1కి ఎందుకు చేయదు?


జగదాంబ_జావా
శనివారం, రాత్రి 9:20

!= తీసేసి < పెట్టండి. లూప్ ఆగుతుంది.


మధురవాడ_కోడర్
శనివారం, రాత్రి 9:26

పెట్టాను అన్నా. ఆగింది గానీ పది కాదు, పదకొండు వరసలు వచ్చాయి. చివరి వరస 1.0999999999999999. కిలో పట్టీలో కిలో నూరు గ్రాముల ధర కూడా వచ్చి కూర్చుంది.


ఉక్కునగరం_సి
శనివారం, రాత్రి 9:31

పదో కూడిక తర్వాత బరువు 0.9999999999999999 దగ్గర ఉంది. అది 1.0 కంటే చిన్నదే కాబట్టి < కూడా ఇంకో తిరుగు తిరగనిచ్చింది. != వల్ల వచ్చే చిక్కు కంటికి కనిపిస్తుంది, లూప్ ఆగదు. < వల్ల వచ్చేది కనిపించదు, ఒక్క వరస ఎక్కువో తక్కువో వచ్చి ఊరుకుంటుంది. నన్నడిగితే రెండోదే ప్రమాదం. పట్టీలో ఒక వరస ఎక్కువైతే కనిపెడతారు, వెయ్యి వరసల రిపోర్టులో ఎవరు లెక్కపెడతారు?


వాల్తేరు_మాస్టారు
శనివారం, రాత్రి 10:05

బాబూ, అడిగిన ప్రశ్న మంచిది. 0.25తో పోల్చి చూశావు చూడు, అసలు సంగతంతా అందులోనే ఉంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

కంప్యూటర్ పొరపాటు చేయలేదు, పైథాన్ కూడా చేయలేదు. నువ్వు 0.1 అని రాసినప్పుడు మెమరీలోకి వెళ్లింది 0.1 కాదు. దానికి అతి దగ్గరగా ఉన్న ఈ సంఖ్య:

0.1000000000000000055511151231257827021181583404541015625

ఎందుకంటే లోపల ఉన్నది 0, 1 అనే రెండే అంకెలతో నడిచే బైనరీ లెక్క. అందులో భిన్నాలన్నీ సగాలు, సగంలో సగాలు. మన పాత కొలతలు అలాంటివే. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల, సోలలో సగం అరసోల, అందులో సగం గిద్ద. ఈ పాత్రలతో కుంచంలో పావు కొలవమంటే మానికతో ఒక్కసారి ముంచి ఇచ్చేస్తారు. సరిగ్గా పదో వంతు కొలవమంటే? తవ్వ పోస్తే ఎక్కువ. సోల, అరసోల కలిపితే కొంచెం తక్కువ. పైన గిద్ద పోస్తే మళ్లీ ఎక్కువ. అందులో సగం, ఇంకా సగం అంటూ ఎంత చిన్న పాత్ర చేయించుకున్నా పదో వంతు తెగదు. 1/16 + 1/32 + 1/256 + 1/512 + 1/4096 + 1/8192... ఇలా అంతం లేకుండా పోతుంది. పది అంటే 2 × 5. ఆ 5 ఉన్నంతకాలం సగాలతో తేలదు. 0.5, 0.25, 0.125, 0.75 లాంటివి మాత్రం సగాలతోనే తయారయ్యాయి కాబట్టి ఇసుమంత తేడా లేకుండా ఇముడుతాయి. నీ రెండో లూప్ ఆగింది అందుకే.

ఎక్కడో ఒక చోట ఆపాలి కదా. పైథాన్‌లో మామూలు దశాంశ సంఖ్యకి 64 బిట్లు. గుర్తుకి 1, ఘాతానికి 11, మిగతా 52 అంకెలకి. సాధారణ సంఖ్యలకి ముందుండే 1ని రాయకుండానే లెక్కలోకి తీసుకుంటారు గనక మొత్తం 53 బైనరీ అంకెల ఖచ్చితత్వం. ఈ పద్ధతిని 1985లో ఐఈఈఈ 754 అనే ప్రమాణంగా ఖాయం చేశారు. దాని వెనక పెద్ద చెయ్యి విలియం కాహన్‌ది, 1989లో ఆయనకి కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో రకంగా లెక్క కట్టేది.

ఇక నువ్వు అడగని ప్రశ్న ఒకటి ఉంది. మెమరీలో ఉన్న 0.1 అసలు పదో వంతు కంటే కాస్త పెద్దది. పెద్దదాన్ని పదిసార్లు కూడితే 1 కంటే ఎక్కువ రావాలి. మరి 0.9999999999999999 ఎలా వచ్చింది? రేపు పొద్దున్న రాస్తాను, కాగితం మీద లెక్క వేసి చూపించాలి.


సిరిపురం_టెస్టర్
శనివారం, రాత్రి 10:40

మాస్టారు చెప్పింది బాగుంది గానీ, పని జరగడానికి ఇంత అక్కర్లేదు. దశాంశాలని ఎప్పుడూ == (సమానమా అని అడిగే గుర్తు) తో పోల్చకూడదు. రెండింటి తేడా 0.000001 కంటే తక్కువైతే సమానం అనుకోవాలి. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. మా టీమ్‌లో అన్ని టెస్టుల్లోనూ ఇదే పెడతాం.


హార్బర్_డేటా
శనివారం, రాత్రి 11:15

నేను దీన్ని ఒప్పుకోను. ఆ 0.000001 ఎక్కడ నుంచి వచ్చింది? దేనితో పోలిస్తే చిన్నది?

నేను పడవల జీపీఎస్ డేటా మీద పని చేస్తాను. మన విశాఖ తీరం సుమారుగా 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం. చోటు కలిసొస్తుందని ఈ విలువల్ని చాలామంది 32 బిట్ల ఫ్లోట్‌లో దాస్తారు. ఫ్లోట్‌కి 24 బైనరీ అంకెల ఖచ్చితత్వమే ఉంటుంది. 64కీ 128కీ మధ్య ఉన్న ఏ సంఖ్యకైనా, ఫ్లోట్‌లో దాని పక్కనున్న సంఖ్య సుమారు 0.0000076 దూరంలో ఉంటుంది. 83.3 అందులోకే వస్తుంది. మన దగ్గర రేఖాంశంలో ఆ తేడా అంటే నేల మీద దాదాపు 80 సెంటీమీటర్లు. అక్షాంశం 17.7 కాబట్టి అక్కడ అడుగు చిన్నది, సుమారు 21 సెంటీమీటర్లు.

ఇప్పుడు మీ 0.000001 నియమం పెట్టి చూడండి. రేఖాంశంలో రెండు ఫ్లోట్ల మధ్య ఉండగలిగిన అతి చిన్న తేడాయే దానికి ఏడు రెట్లు పైన ఉంది. అంటే మీ పోలిక == కంటే ఏమాత్రం వేరు కాదు. జెట్టీకి కట్టేసిన పడవ కూడా రెండు రీడింగుల మధ్య కదిలినట్టే తేలుతుంది. అసలు జీపీఎస్ రీడింగే కొన్ని మీటర్లు అటూ ఇటూ ఆడుతుంది. ఇక్కడ పోల్చాల్సింది డిగ్రీలు కాదు, మీటర్లలో దూరం. పది మీటర్ల లోపు ఉంటే కదల్లేదు అనుకోవడం అర్థవంతం. ఆ పది మీటర్లు ప్రోగ్రామింగ్ పుస్తకంలో దొరకవు, పరికరం గురించి తెలిసినవాళ్లే చెప్పగలరు.

అదే 0.000001ని మందుల మోతాదులనో, చిన్న చిన్న సంభావ్యతలనో పోల్చడానికి వాడితే, వెయ్యి రెట్లు తేడా ఉన్న విలువలు కూడా సమానమైపోతాయి. 0.0000001, 0.0000000001 రెండూ ఒకటే అంటుంది.


ఉక్కునగరం_సి
శనివారం, రాత్రి 11:32

దీనికి తోడు సి లో ఇంకో అలవాటు ఉంది. డబుల్‌కి, అంటే మాస్టారు చెప్పిన 64 బిట్ల సంఖ్యకి, ఎప్సిలాన్ అని ఒక స్థిరాంకం ఇస్తారు, సుమారు 0.000000000000000222. అంటే 1కీ, దాని తర్వాతి డబుల్‌కీ మధ్య తేడా. చాలామంది దాన్నే హద్దుగా పెట్టి, తేడా ఎప్సిలాన్ కంటే తక్కువైతే సమానం అని రాస్తారు. 1 నుంచి పైకి ఏ రెండు వేరు వేరు డబుల్స్ తీసుకున్నా వాటి తేడా ఎప్సిలాన్‌కి తగ్గదు. 2 దాటితే పక్కపక్క సంఖ్యల దూరమే దానికి రెట్టింపు. కాబట్టి ఆ రాతకి అర్థం మళ్లీ == అనే. చూడ్డానికి మాత్రం జాగ్రత్త తీసుకున్నట్టు ఉంటుంది. ఇలాంటి కోడ్ రివ్యూల్లో కూడా సులభంగా దాటిపోతుంది, అదే నా బాధ.


సిరిపురం_టెస్టర్
ఆదివారం, ఉదయం 7:50

సరే, సంఖ్య పరిమాణాన్ని బట్టి హద్దు మారాలంటారు. మరి పైథాన్‌లో రెండు సంఖ్యలు దగ్గరగా ఉన్నాయా అని చూసే ఈజ్‌క్లోజ్ ఫంక్షన్ ఇప్పటికే ఉంది కదా, 3.5 వెర్షన్ నుంచి. పెద్ద విలువలో ఎన్నో వంతు తేడా ఉందో చూస్తుంది, మామూలుగా వంద కోట్లలో ఒక వంతు. అది వాడితే సరిపోతుందా?


హార్బర్_డేటా
ఆదివారం, ఉదయం 8:10

చాలా సందర్భాల్లో సరిపోతుంది. ఒక్క సున్నా దగ్గర తప్ప. సున్నాతో పోల్చినప్పుడు ఎంత చిన్న విలువైనా, దానిలో వంద కోట్లో వంతు అంతకంటే చిన్నదే అవుతుంది కదా. అందుకని సున్నా కాని ఏ విలువకైనా, సున్నాకి దగ్గరగా లేదు అనే జవాబు వస్తుంది. దానికి సూటి తేడాకి వేరే హద్దు ఇచ్చుకోవాలి, మనం ఇవ్వకపోతే అది 0 గానే ఉంటుంది. రెండు లెక్కలు తీసేసి మిగిలింది సున్నానా కాదా అని చూసే టెస్టులు ఇక్కడే దెబ్బతింటాయి.


వాల్తేరు_మాస్టారు
ఆదివారం, ఉదయం 8:45

రాత్రి ఆపిన చోట మొదలుపెడతాను.

1ని 2 ఘాతం 56తో భాగిస్తే వచ్చే భాగాన్ని ఒక ముక్క అందాం. అసలు పదో వంతుకి 7205759403792793.6 ముక్కలు కావాలి. మెమరీలో ఉన్న 0.1కి 7205759403792794 ముక్కలు ఉన్నాయి. అంటే 0.4 ముక్క ఎక్కువ. పదిసార్లు కూడితే 4 ముక్కలు ఎక్కువ రావాలి.

కానీ ప్రతి కూడిక తర్వాత జవాబుని మళ్లీ 53 అంకెల్లోకి కుదించాలి. 0.25కీ 0.5కీ మధ్య 4 ముక్కల గుణిజాలే ఇముడుతాయి. 0.5కీ 1కీ మధ్య 8 ముక్కల గుణిజాలే.

0.1 + 0.1 శుభ్రంగా వస్తుంది, రెట్టింపు చేయడమే కాబట్టి. దానికి ఇంకో 0.1 కలిపితే 21617278211378382 ముక్కలు. ఇది 4 గుణిజం కాదు. దిగువ ఉన్నది ...380, ఎగువ ఉన్నది ...384. సరిగ్గా మధ్యలో పడింది. ఇలా పడితే, చివరి బిట్ 0 ఉన్న వైపుకి వెళ్లాలి అని ప్రమాణం చెబుతుంది. అది ఎగువది. నీకు 0.30000000000000004 కనిపించింది ఇదే. మనం 0.3 అని నేరుగా రాస్తే ఎక్కేది దిగువది, ...380. అందుకే 0.1 + 0.2 == 0.3 అంటే కాదు అంటుంది. నాలుగో కూడికలో మళ్లీ సరిగ్గా మధ్యలోనే పడుతుంది, ఈసారి దిగువకి వస్తుంది. అలా 0.4 తేరుకుంది.

ఐదో కూడిక నుంచి చూడు. 0.4 + 0.1 చేస్తే 0.5 పైన 2 ముక్కలు మిగులుతాయి. 8 గుణిజాలే ఉండాలి గనక ఆ 2 ముక్కలు పోతాయి. 0.5 + 0.1 లో కూడా 2 పోతాయి. 0.6 దగ్గరా అంతే, 0.7 దగ్గరా అంతే. ఐదు నుంచి పది దాకా ఆరు కూడికల్లోనూ ప్రతిసారీ 2 ముక్కలు కిందికే పోయాయి. మొత్తం 12. మూడో కూడికలో ఎక్కిన 2, నాలుగో కూడికలో దిగిన 2 చెల్లుకి చెల్లు. 4 ఎక్కువ రావాల్సిన చోట 12 పోయి, 1కి 8 ముక్కలు తక్కువలో ఆగింది.

దీన్ని ఇంత విడమర్చి రాయడానికి కారణం ఉంది. రౌండింగ్ తప్పులు అటూ ఇటూ పోయి చివరికి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయని చాలామంది ధైర్యంగా ఉంటారు. రకరకాల సంఖ్యలు కూడినప్పుడు కొంతవరకు అలా జరగొచ్చు. లూప్‌లో ఒకే సంఖ్యని పదే పదే కూడితే అలా జరుగుతుందన్న హామీ లేదు. ఇక్కడ ఆరుసార్లూ ఒకే పక్కకి లాగింది.


మధురవాడ_కోడర్
ఆదివారం, ఉదయం 9:30

మాస్టారూ, కాగితం మీద వేసుకుని చూశాను, ప్రతి వరసా సరిపోయింది. చాలా థ్యాంక్స్ అండీ.

కూడడం మానేసి, 1 నుంచి 10 దాకా పూర్ణసంఖ్యతో లూప్ తిప్పి, లోపల దాన్ని 0.1తో హెచ్చించాను. పది వరసలే వచ్చాయి, చివరిది 1.0. కానీ 3 దగ్గర 0.30000000000000004, 6 దగ్గర 0.6000000000000001, 7 దగ్గర 0.7000000000000001 వస్తున్నాయి. ఇంతకుముందు సరిగ్గా వచ్చిన 0.6, 0.7 ఇప్పుడు తేడాగా వస్తున్నాయేమిటి?


ఉక్కునగరం_సి
ఆదివారం, ఉదయం 9:41

0.1తో హెచ్చించకు తమ్ముడూ, 10తో భాగించు. 3 × 0.1 లో 0.1లోని తేడా మూడు రెట్లవుతుంది, ఆ పైన ఇంకో రౌండింగ్. 3 / 10 లో 3, 10 రెండూ తేడా లేని సంఖ్యలు. ఒక్కటే రౌండింగ్, అది 3/10కి అతి దగ్గర డబుల్‌నే ఇస్తుంది. అందుకే 0.3 అనే వస్తుంది. మార్చి చూడు.


మధురవాడ_కోడర్
ఆదివారం, ఉదయం 9:44

పదీ శుభ్రంగా వచ్చాయి అన్నా!


గాజువాక_గణితం
ఆదివారం, ఉదయం 10:20

నాకొక అనుమానం. నా ల్యాప్‌టాప్‌లో పైథాన్ సమ్ ఫంక్షన్‌కి పది 0.1ల జాబితా ఇస్తే 1.0 వచ్చింది. లూప్‌లో కూడితే 0.9999999999999999. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో రెండూ 0.9999999999999999. ప్రాసెసర్‌ని బట్టి మారుతుందా?


వాల్తేరు_మాస్టారు
ఆదివారం, ఉదయం 10:38

మీ దగ్గర ఉన్నది 3.12 గానీ ఆ తర్వాతది గానీ అయి ఉంటుంది. ఆ వెర్షన్ నుంచి సమ్, దశాంశాలని కూడేటప్పుడు ప్రతి కూడికలోనూ జారిపోయిన భాగాన్ని పక్కన దాచుకుని చివర్లో కలుపుతుంది. ఈ ఆలోచన మొదట 1965లో కాహన్ ప్రచురించారు, దాన్ని తర్వాత నోయ్‌మాయర్ మెరుగుపరిచారు, పైథాన్ వాడుతున్నది ఆ రూపం. పాత వెర్షన్‌లో ఉన్నవాళ్లకి మ్యాథ్ మాడ్యూల్లో ఎఫ్‌సమ్ ఉంది, అది కూడా 1.0 ఇస్తుంది.

కూడే వరస మారినా జవాబు మారుతుందని గుర్తుంచుకోండి. (0.1 + 0.2) + 0.3 అంటే 0.6000000000000001. 0.1 + (0.2 + 0.3) అంటే 0.6.


ఉక్కునగరం_సి
ఆదివారం, ఉదయం 11:02

దానికి సంబంధించి సి, సి++ వాళ్లకి ఒక హెచ్చరిక. కంపైలర్‌కి ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్ ఇస్తే, కూడే వరసని తన ఇష్టం వచ్చినట్టు మార్చుకునే హక్కు దానికి ఇచ్చేసినట్టే. జారిపోయిన భాగాన్ని దాచే ఆ లెక్క బీజగణితం ప్రకారం సున్నాయే కదా అని మొత్తం తీసిపారేయగలదు. కోడ్ చూస్తే అన్నీ ఉంటాయి, నడిచే ప్రోగ్రామ్‌లో ఉండవు.

ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్ల కోసం ఇంకోటి. ఫ్లోట్ వేరియబుల్‌లో 0.7 పెట్టి, దాన్ని 0.7 కంటే చిన్నదా అని అడుగుతారు. అవును, చిన్నదే. సి లో విడిగా రాసిన 0.7 డబుల్, వేరియబుల్‌లో ఉన్నది ఫ్లోట్. ఫ్లోట్‌లో 0.7 సుమారు 0.69999998. అదే 0.1 అయితే ఫ్లోట్‌లో సుమారు 0.1000000015, అంటే డబుల్ కంటే పెద్దది. 0.5 అయితే రెండూ సమానం. జవాబు బట్టీ పట్టి వెళ్తే సంఖ్య మార్చి అడిగినప్పుడు దొరికిపోతారు.

ఫ్లోట్‌ని లూప్ లెక్కకి వాడితే ఇంకా ఘోరం. 1 చొప్పున పెంచుతూ పోతే 16777216 దగ్గర నిలిచిపోతుంది. అది 2 ఘాతం 24. దానికి 1 కలిపినా మళ్లీ 16777216 వస్తుంది. రెండు కోట్ల దాకా తిప్పుదామనుకున్న లూప్ ఎప్పటికీ ముగియదు. ఇందులో భిన్నం ఊసే లేదు చూడండి, అన్నీ పూర్ణసంఖ్యలే.


సీతమ్మధార_స్టూడెంట్
ఆదివారం, మధ్యాహ్నం 12:15

నిజంగా దీనివల్ల పెద్ద నష్టం జరిగిన సందర్భాలు ఉన్నాయా? ఏరియాన్ రాకెట్ పేలింది దీనివల్లే అని మా క్లాసులో చెప్పారు.


హార్బర్_డేటా
ఆదివారం, మధ్యాహ్నం 12:50

ఏరియాన్ 5 సంగతి వేరు. 1996 జూన్ 4న అది కూలింది 64 బిట్ల దశాంశాన్ని 16 బిట్ల పూర్ణసంఖ్యలోకి మార్చబోతే పట్టకపోవడం వల్ల. రౌండింగ్ కాదు, పొంగిపోవడం.

రౌండింగ్‌కి సరైన ఉదాహరణ పేట్రియాట్ క్షిపణి. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీలోని ధహ్రాన్ దగ్గర వచ్చిన స్కడ్ క్షిపణిని అది అడ్డుకోలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ గడియారం సెకనులో పదో వంతుల్ని పూర్ణసంఖ్యగానే లెక్కపెట్టేది. దాన్ని సెకన్లలోకి మార్చడానికి 0.1తో హెచ్చించేది, ఆ 0.1 ఉన్నది 24 బిట్లలో, మిగతా భాగం కోసేశారు. కోసేసింది సుమారు 0.000000095. వంద గంటలు ఆపకుండా నడిపేసరికి 36 లక్షల పదో వంతులయ్యాయి. తేడా 0.34 సెకను. స్కడ్ సెకనుకి ఒకటిన్నర కిలోమీటరుకి పైగా వెళ్తుంది. ఆ కాస్త సమయంలోనే అర కిలోమీటరు దాటిపోయింది.

పొద్దున్న 0.1తో హెచ్చించొద్దు, 10తో భాగించమన్న మాటకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పూర్ణసంఖ్యతో లెక్కపెట్టడం ఒక్కటే సరిపోదు, దాన్ని దేనిలోకి మారుస్తున్నాం, ఎన్ని అంకెలతో మారుస్తున్నాం అన్నది కూడా చూసుకోవాలి.


జగదాంబ_జావా
ఆదివారం, మధ్యాహ్నం 1:30

డబ్బు విషయంలో వాంకోవర్ స్టాక్ ఎక్స్చేంజ్ కథ చెప్పాలి. 1982 జనవరిలో 1000 దగ్గర ఒక సూచీ మొదలుపెట్టారు. ధర మారిన ప్రతిసారీ సూచీని తిరిగి లెక్కగట్టి, మూడు దశాంశాల తర్వాత ఉన్నదాన్ని రౌండ్ చేయకుండా కోసేసేవారు. కోత ఎప్పుడూ కిందికే. 1983 నవంబరుకి సూచీ 520 ప్రాంతానికి జారింది. సరిచేసి లెక్కిస్తే 1100కి కొంచెం తక్కువ తేలింది. ఇక్కడ మాస్టారు చెప్పిన ఆరు కూడికల మాటే, రోజూ వేలసార్లు జరిగింది.

మన కోడర్ చేసేది కూడా డబ్బు లెక్కే కాబట్టి చెబుతున్నాను. రూపాయల్ని దశాంశంలో పెట్టి 100తో హెచ్చించి పైసలు చేయకండి. 19.99 × 100 అంటే 1998.9999999999998. పూర్ణసంఖ్యగా మారిస్తే 1998. పైసా పోయింది. 4.35 × 100 అంటే 434.99999999999994, అక్కడా పైసా పోయింది. మొదటి నుంచీ పైసల్లోనే దాచండి, లేదా పైథాన్‌లో పదుల్లోనే లెక్కగట్టే డెసిమల్ వాడండి. డెసిమల్ వాడితే 0.1ని కొటేషన్ల మధ్య అక్షరాలుగా ఇవ్వండి. ఉత్తి 0.1 ఇస్తే మాస్టారు మొదట రాసిన ఆ పొడుగాటి సంఖ్య అలాగే లోపలికి వెళ్తుంది. జావాలో బిగ్‌డెసిమల్‌కి కూడా ఇదే.


సిరిపురం_టెస్టర్
ఆదివారం, మధ్యాహ్నం 2:05

అలాంటప్పుడు అన్నిటికీ డెసిమలే వాడేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?


వాల్తేరు_మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఉంటుంది. డెసిమల్‌లో 1ని 3తో భాగించి మళ్లీ 3తో హెచ్చించి చూడండి. 0.9999999999999999999999999999 వస్తుంది, మామూలుగా 28 అంకెల దగ్గర ఆగుతుంది కాబట్టి. రూపాయి, పైసా, గ్రాము మనిషి పదుల్లో నిర్ణయించుకున్నవి, వాటికి డెసిమల్ సొంతిల్లు. అలల ఎత్తు, ఉష్ణోగ్రత, పడవ వేగం ఎలాగూ కొలతలోనే తేడా ఉన్నవి. వాటికి డబుల్ చాలు, వేగం కూడా ఎక్కువ. డబుల్‌లో మనం రాసే పదుల లెక్కలో 15 అంకెలు నమ్మకంగా నిలుస్తాయి. సముద్రాన్ని కొలిచే ఏ పరికరం మనకి 15 అంకెలు ఇస్తుంది?


హార్బర్_డేటా
ఆదివారం, మధ్యాహ్నం 3:48

మాస్టారి మాటతో ఏకీభవిస్తాను. నంపై (పైథాన్‌లో సంఖ్యల వరసలతో లెక్కలు చేసే లైబ్రరీ) వాడేవాళ్లకి చిన్న మాట. అరేంజ్‌కి 1 నుంచి 1.3 దాకా 0.1 చొప్పున అని ఇస్తే, 1.3 రాకూడదని మనం అనుకుంటాం, వస్తుంది. అడుగు దశాంశమైతే లిన్‌స్పేస్ వాడి, ఎన్ని విలువలు కావాలో చెప్పండి.


మధురవాడ_కోడర్
ఆదివారం, రాత్రి 8:30

అందరూ చెప్పింది చదివి దశాంశాలు మొత్తం తీసేశాను. ధర పైసల్లో, బరువు గ్రాముల్లో, రెండూ పూర్ణసంఖ్యలే:

ఫర్ గ్రాములు ఇన్ రేంజ్(100, 1001, 100):
    పైసలు = (కిలో_ధర_పైసలు * గ్రాములు + 500) // 1000
    ప్రింట్(గ్రాములు, పైసలు // 100, పైసలు % 100)

500 కలపడం, అర పైసా గానీ ఆపైన గానీ ఉంటే పై పైసాకి పోవడానికి. రేటు పట్టీ సరిగ్గా వచ్చింది, కాటా పక్కన అంటించేశాం.

ఇంకొక్కటి అడగాలి. ఇదే లెక్కని బిల్లుకి కూడా వాడాలనుకుంటున్నాను. కిలో రూ. 385.25 ఉన్న సరుకు 50 గ్రాముల పొట్లం రూ. 19.2625 అవుతుంది. మూడు పొట్లాలు వేరు వేరు వరసల్లో కొడితే, వరసకి రూ. 19.26 చొప్పున మొత్తం రూ. 57.78. రౌండ్ చేయకుండా కూడి చివర్లో చేస్తే రూ. 57.79. ఏది సరైనది?


జగదాంబ_జావా
ఆదివారం, రాత్రి 8:52

ఇది ఫ్లోటింగ్ పాయింట్ చిక్కు కాదు తమ్ముడూ, కాగితం మీద చేసినా వస్తుంది. లెక్క పద్ధతిని దుకాణం నిర్ణయించుకోవాలి, తర్వాత ఎక్కడా మార్చకూడదు. చట్టం చెప్పిన చోట చట్టం ప్రకారమే పోవాలి. జీఎస్టీలో కట్టాల్సిన పన్నుని సెక్షన్ 170 ప్రకారం దగ్గరి రూపాయికి సవరిస్తారు, 50 పైసలు గానీ ఆపైన గానీ ఉంటే పై రూపాయి. పైథాన్ రౌండ్ ఫంక్షన్ మాత్రం అలా చేయదు, 2.5ని 2 చేస్తుంది, సరిగ్గా సగం ఉంటే సరిసంఖ్య వైపు పోతుంది. కాబట్టి నువ్వు రాసిన 500 కలిపే పద్ధతినే ఉంచు. వరసవారీనా, మొత్తానికా అన్నది బాబాయిగారినే అడుగు.


మధురవాడ_కోడర్
సోమవారం, ఉదయం 10:15

అడిగాను అన్నా. వరసవారీగానే రౌండ్ చేయమన్నారు. బిల్లు మీద కనిపించే అంకెలు కొనేవాళ్లు నోటితో కూడుకున్నా మొత్తానికి సరిపోవాలి, లేకపోతే పైసా తేడాకి కూడా కౌంటర్ దగ్గర నిలబడి అడుగుతారట. రూ. 57.78 ఖాయం చేసేశాను.